ఒక కాగితం, ఎనిమిది పేజీలు

మినీకామిక్ అంటే బొమ్మలు వేసిన మనిషే కథ రాసి, జిరాక్స్ తీయించి, మడిచి, పిన్ను కొట్టి, తన చేత్తో తనే పంచుకునే చిన్న బొమ్మల కథల పుస్తకం. దీనికి ప్రచురణకర్త ఉండడు, సంపాదకుడు ఉండడు, చాలాసార్లు ధర కూడా ఉండదు. పేరు అమెరికాలో పుట్టింది, అదీ కాగితం కొలతను బట్టి. అక్కడి ఆఫీసు కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. దాన్ని సగానికి మడిస్తే డైజెస్ట్, మళ్లీ సగానికి మడిస్తే మినీ. రానురాను కొలత పట్టింపు పోయి, ఇంట్లో తయారైన ఏ చిన్న కామిక్‌నైనా మినీ అనేయడం అలవాటైంది. మన ఏ4 కాగితానికైతే ఒక మడతకు ఏ5, రెండు మడతలకు ఏ6. ఏ6 అంటే పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది, చొక్కా జేబులో పట్టేది.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి మరీ కొత్తేమీ కాదు. సొంత డబ్బుతో కవిత్వం అచ్చువేయించుకుని, లోపలి పేజీలో ‘ప్రతులకు’ అని తన ఇంటి చిరునామాయే వేసుకుని, సభల్లో సంచిలోంచి తీసి ఇచ్చే కవులు మనకు బాగా తెలుసు. పిల్లలు ఒకే ఒక్క ప్రతిగా చేత్తో తయారుచేసే లిఖిత పత్రికలూ తెలుసు. మినీకామిక్ ఈ రెంటికీ దగ్గరి చుట్టం. కాకపోతే, ఐదువందల కాపీలు వేయించి అందులో నాలుగువందలు మంచం కింద అట్టపెట్టెల్లో దాచుకునే అవస్థ ఇందులో లేదు. ఇరవై కాపీలు అయిపోతే ఇంకో ఇరవై తీయించుకోవడమే.

వ్యక్తిత్వ వికాసం గురించిన ఈ పుస్తకంలో బొమ్మల కథలకు చోటేమిటని అనిపించవచ్చు. మొదలుపెట్టిన పని ముగించలేకపోవడం చాలామందికి ఉన్న జబ్బు. మూడు ప్రకరణాల దగ్గర ఆగిన నవలలు, నాలుగో పాఠం దాటని సంగీతం ఏ ఇంట్లో చూసినా దొరుకుతాయి. మినీకామిక్ కళాకారుల దగ్గర నేర్చుకోదగింది బొమ్మలు వేయడం కంటే ఈ ముగించడమే. వాళ్ల పని ఒక వారంలో, ఒక్కోసారి ఒక రోజులో అయిపోయేంత చిన్నది. అయిపోయింది కాబట్టే దాని తప్పులు కళ్లకు కనబడతాయి, రెండోది ఇంకాస్త బాగా వస్తుంది.

జిరాక్స్ మెషిన్ పక్కన

అమెరికా కార్టూనిస్టు రాబర్ట్ క్రంబ్ 1958లో, ఇంకా స్కూలు పిల్లాడిగా ఉండగానే, అన్న చార్ల్స్‌తో కలిసి ‘ఫూ’ అనే చిన్న పత్రికను మూడు సంచికలు తెచ్చాడు. ఇంటింటికీ తిరిగి అమ్మబోతే కొన్నవాళ్లు తక్కువ. పదేళ్ల తర్వాత, 1968లో, శాన్‌ఫ్రాన్సిస్కో హైట్ వీధిలో ‘జాప్ కామిక్స్’ మొదటి సంచికను క్రంబ్ దంపతులు పసిపిల్లల తోపుడు బండిలో పెట్టుకుని అమ్మారు. అమెరికా అండర్‌గ్రౌండ్ కామిక్స్ చరిత్ర చెప్పేవాళ్లు ఆ బండిని తలచుకోకుండా ముందుకు పోరు. అయితే ‘జాప్’ ప్రెస్సులో అచ్చయిన పుస్తకం. అసలైన మినీలు 1970లలో, బర్కిలీలో క్లే గీర్డ్స్ అనే ఫొటోగ్రాఫర్ చుట్టూ చేరిన గుంపు నుంచి ఎక్కువగా వచ్చాయి. ఆ ధోరణికి ‘న్యూవేవ్’ అని పేరుపడింది. అరచేతిలో పట్టే ఎనిమిది పేజీలు, ఎవరి పిచ్చి వాళ్లది.

వీధి వీధికీ జిరాక్స్ షాపులు వచ్చాక పని సులువైంది. 1977లో లాస్ ఏంజెలెస్‌కు కొత్తగా వచ్చిన మాట్ గ్రోనింగ్, ఆ ఊరి మీద తనకున్న చిరాకంతా ఒక కుందేలు నోట పలికించి ‘లైఫ్ ఇన్ హెల్’ పేరుతో జిరాక్స్ పుస్తకాలుగా చేశాడు. తను పనిచేసే రికార్డుల షాపు కౌంటర్ మీదే పెట్టి అమ్మాడు. ‘ది సింప్సన్స్’ సృష్టికర్తగా ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాతి సంగతి. మాట్ ఫీజెల్ దారి ఇంకా తమాషా. అతని ‘సినికల్‌మ్యాన్’కు ఒళ్లే లేదు: తలకొక సున్నా, చేతులకూ కాళ్లకూ గీతలు. అగ్గిపుల్లల మనుషులతో దశాబ్దాల తరబడి మినీలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి ఉండగా, ‘బొమ్మలు రావు’ అన్న సాకు ఎవరికీ నిలవదు.

పుస్తకం చేసుకోవడం వరకూ ఎవరికి వారే చేసుకోగలరు. చదివేవాళ్లను వెతుక్కోవడానికి మాత్రం నలుగురూ కలవాల్సి వచ్చింది. లండన్‌లో పాల్ గ్రావెట్ 1981లో ‘ఫాస్ట్ ఫిక్షన్’ పేరుతో వెస్ట్‌మినిస్టర్ కామిక్ మార్ట్‌లో ఒక బల్ల తీసుకుని, ఎవరు పంపిన చిన్న పుస్తకాన్నయినా దాని మీద పరిచి అమ్మిపెట్టాడు. అమెరికాలో 1982లో మొదలైన ‘ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్’ అనే పత్రిక, అందిన ప్రతి సొంత ప్రచురణ గురించీ నాలుగు మాటలు, ధర, చిరునామా వేసేది. ఆ చిరునామాకు కవర్లో చిల్లర పెట్టి పంపితే పుస్తకం వచ్చేది. డబ్బు లేకపోతే తన పుస్తకం పంపి అవతలివాళ్లది తెప్పించుకునేవారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఇప్పటికీ ఆ లోకంలో మర్యాదగా నడుస్తున్నాయి.

మన దేశంలో దీనికి పూర్తిగా వేరే రూపం ఒకటి ఉంది. శరద్ శర్మ నడిపే వరల్డ్ కామిక్స్ ఇండియా, బొమ్మలు నేర్చుకోని పల్లెటూరి మనుషులతోనే వాళ్ల సమస్యల మీద నాలుగు గళ్ల కథలు వేయిస్తుంది. రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన అతికించి, జిరాక్స్ తీసి, టీ కొట్టు దగ్గరో బస్టాపులోనో గోడకు అంటిస్తారు. అది పుస్తకం కాదు, మడతా లేదు. కానీ కాగితం అదే, మెషిన్ అదే, ఎవరి అనుమతీ అడగకపోవడం కూడా అదే.

కింగ్-క్యాట్ అనే అలవాటు

ఈ రంగంలో ఒక్క మనిషి గురించే చెప్పాల్సి వస్తే జాన్ పోర్సెలీనో గురించి చెప్పాలి. ఇలినాయ్ రాష్ట్రంలో ఇరవై ఏళ్ల కుర్రాడిగా 1989లో ‘కింగ్-క్యాట్ కామిక్స్’ మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లు దాటినా, సంచికల సంఖ్య ఎనభై దాటినా, దాని స్వరూపం మారలేదు: నలుపూ తెలుపూ జిరాక్స్ పేజీలు, మధ్యలో పిన్నులు, చేతిరాత. మధ్యలో అతను చేసిన ఉద్యోగాల్లో దోమల నిర్మూలన ఒకటి. గుంటల్లో మందు కొట్టుకుంటూ తిరిగిన ఆ రోజులే తర్వాత ‘డైరీ ఆఫ్ ఎ మస్కిటో అబేట్‌మెంట్ మ్యాన్’ అనే పుస్తకమయ్యాయి. తీవ్రమైన అనారోగ్యం, ఆపరేషన్, ఆ తర్వాత ముదిరిన మానసిక ఆందోళన కలిసి 2014లో ‘ది హాస్పిటల్ సూట్’ అయ్యాయి.

కింగ్-క్యాట్‌లో కథలు కథల్లా ఉండవు. నడుస్తుంటే ఒక జంతువు ఎదురైంది, పాత స్నేహితుడు గుర్తొచ్చాడు, మంచు పడింది. గీత సన్నగా, ఒకే మందంతో, నీడలు లేకుండా పోతుంది. ఒక గడిలో చెట్టు, ఇంకో గడిలో ఖాళీ ఆకాశం. పాఠకుల ఉత్తరాలు, తనకు నచ్చినవాటి జాబితా కూడా సంచికలో భాగమే. మొదటి సంచికల్లో గీత గరుకుగా, తొందరగా, కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఈనాటి నిరాడంబరమైన గీత ఏ గురువూ నేర్పింది కాదు, ఒక్కో సంచికా అవగొట్టి తర్వాతిదానికి పోవడం వల్ల అరిగి అరిగి వచ్చింది. 1992లో అతను ‘స్పిట్ అండ్ ఎ హాఫ్’ పేరుతో ఇతరుల మినీలు కూడా పోస్టులో అమ్మిపెట్టడం మొదలుపెట్టాడు. పేరుకు అది వ్యాపారమే గానీ, చేసే పనిని బట్టి చూస్తే లైబ్రేరియన్ ఉద్యోగంలా ఉంటుంది.

తయారీ: అన్నిటికంటే చిన్నది

మొదటి మినీకామిక్‌కు ఒక ఏ4 కాగితం, ఒక నల్ల పెన్ను, కత్తెర చాలు. పిన్ను కూడా అక్కర్లేదు. కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని, నిలువునా నాలుగు భాగాలు, అడ్డంగా రెండు భాగాలు వచ్చేలా మడిచి విప్పాలి. ఎనిమిది గళ్లు వస్తాయి, ఒక్కొక్కటీ 74 మి.మీ. వెడల్పు, 105 మి.మీ. ఎత్తు. కింది వరుసలో ఎడమ నుంచి కుడికి 6, 7, 8, 1 పేజీలు. ఒకటి ముందు అట్ట, ఎనిమిది వెనక అట్ట. పై వరుసలో ఎడమ నుంచి 5, 4, 3, 2 పేజీలు, ఈ నాలుగూ తలకిందులుగా వేయాలి. ఇక్కడే అందరూ ఒకసారి తప్పుతారు. బొమ్మలు వేశాక ఒక్కవైపే జిరాక్స్ తీసి, మధ్య అడ్డగీత మీద, నడిమి రెండు నిలువు భాగాల మేరకే కత్తిరించాలి; ఇరుపక్కలా చివరి గళ్ల జోలికి పోకూడదు. కాగితాన్ని పొడవునా సగానికి మడిచి రెండు కొసలూ పట్టుకుని లోపలికి నెడితే మధ్యలో చీలిక తెరుచుకుని, నాలుగు రేకుల పువ్వులా విచ్చుకుంటుంది. ఆ రేకులను ఒకదాని మీదికి ఒకటి తిప్పితే పుస్తకం. విప్పితే మళ్లీ కాగితం. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి కొందరు అక్కడ ఒక పెద్ద బొమ్మ వేసి దాస్తారు. కనిపెట్టినవాళ్లకు అది కొసరు.

దీని తర్వాతి మెట్టు పిన్ను పుస్తకం. పేజీలు నాలుగుల లెక్కన పెరుగుతాయి: 8, 12, 16. పదహారు పేజీల ఏ5 పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు. పై కాగితం బయటివైపు 16, 1 పేజీలు పక్కపక్కన పడతాయి, దాని లోపలివైపు 2, 15. తర్వాతి కాగితానికి 14, 3, 4, 13. ఎక్కడ చూసినా పక్కపక్క అంకెలు కూడితే పదిహేడే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు పడింది. ప్రెస్సు వాళ్లలాగే ముందు తెల్ల కాగితాలతో డమ్మీ చేసి, ప్రతి పేజీ మూలా అంకె వేసి, విప్పి చూసుకుంటే ఈ లెక్క నోటికి రాకపోయినా పని జరుగుతుంది. షాపులో బ్యాక్ టు బ్యాక్ తీయించేటప్పుడు ఒక్క కాగితం తీయించి, మడిచి, తిప్పి చూసి, ఆ తర్వాతే మిగతా కాపీలు చెప్పాలి. వెనకపేజీ తలకిందులుగా వచ్చిన ఇరవై కాపీల డబ్బు షాపువాడు తిరిగివ్వడు.

సెంటర్ పిన్నింగ్‌కు మామూలు స్టాప్లర్ అందదు. పొడవు స్టాప్లర్ లేకపోతే, స్టాప్లర్‌ను పూర్తిగా తెరిచి, కింద థర్మకోల్ ముక్క పెట్టి నొక్కి, దిగిన పిన్ను మొనలను వెనక నుంచి చెంచాతో వంచుకోవచ్చు. అంతకంటే అందమైనది దారం కుట్టు: మడత మీద మూడు రంధ్రాలు, మధ్య రంధ్రంలోంచి మొదలై అక్కడే ముడి. సముద్రతీరం ఊళ్లలో పిన్నులు తుప్పుపట్టి కాగితానికి మరక చేస్తాయి కాబట్టి దారమే మేలు.

గీత, అక్షరం, మెషిన్

జిరాక్స్ మెషిన్‌కు తనవైన ఇష్టాయిష్టాలు ఉన్నాయి. నల్ల ఇంకు దానికి ప్రాణం. పెన్సిల్ నీడలు మాయమవుతాయి, లేదా మరకల్లా వస్తాయి. నీడ కావాలంటే సన్నగీతలు పక్కపక్కన గీయాలి. లేత నీలం పెన్సిల్‌ను నలుపు తెలుపు మెషిన్ దాదాపు చూడదు. అందుకే చిత్తుగీతలు దానితో వేసుకునే అలవాటు కార్టూనిస్టులకు ఉంది, చెరపాల్సిన పని తప్పుతుంది. పెద్ద పెద్ద నలుపు ముద్దలు, టోనర్ అయిపోవచ్చిన మెషిన్‌లో, మధ్యలో తెల్లగా పొరలు పోతాయి. కాగితం అంచున అర సెంటీమీటరు దాకా మెషిన్ అచ్చువేయదు, కాబట్టి ముఖ్యమైన మాటేదీ అంచుకు తోయకూడదు.

బొమ్మను పెద్దగా వేసి తగ్గించడం మంచి పద్ధతి, చేతి వణుకు కూడా దానితోపాటు తగ్గిపోతుంది. ఏ4 మీద వేసినది ఏ5 కావాలంటే 71 శాతం. తెలుగులో వేసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లిషు కామిక్స్‌లో మాటలన్నీ పెద్దబడి అక్షరాల్లో రాస్తారు, అన్నీ ఒకే ఎత్తు, వరుస మీద వరుస ఇటుకల్లా పేర్చవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘లక్ష్మి’ అని సన్నగా రాసి 71 శాతానికి తగ్గిస్తే నల్లటి చుక్క మిగులుతుంది. ‘వెళ్లిపోతున్నాడట’ అనే ఒక్క మాటకే బుడగ నిండిపోతుంది. అందుచేత వరుసల మధ్య ఎడం ఇంగ్లిషు కంటే బాగా ఎక్కువ వదలాలి, ముందు మాటలు రాసి, వాటి చుట్టూ బుడగ గీసి, మిగిలిన చోట్లో మనుషులను నిలబెట్టాలి. ఇంగ్లిషు పాఠ్యపుస్తకాలు ఈ సంగతి చెప్పవు, వాటికి ఆ అవసరం లేదు. గడికి ఇరవై మాటలు దాటితే బొమ్మకు ఊపిరాడదు.

కథ విషయంలో పెద్ద సలహాలేవీ పనికిరావు గానీ, ఒకటి మాత్రం అనుభవజ్ఞుల పుస్తకాలన్నిట్లో కనబడుతుంది: మొదటి పుస్తకం పన్నెండు భాగాల మహాగాథకు మొదటి భాగం కాకూడదు. ‘ఇంకా ఉంది’ అని ముగిసి, రెండోది రాని మొదటి సంచికలు ఈ లోకంలో కుప్పలుగా ఉన్నాయి. ఒక బస్సు ప్రయాణం, అద్దె ఇల్లు చూడబోయిన ఒక సాయంత్రం, పెళ్లిచూపుల్లో ప్లేటులో మిగిలిపోయిన ఆఖరి మైసూర్‌పాక్ లాంటివి ఎనిమిది పేజీలకు సరిపోతాయి. స్కాట్ మెక్‌లౌడ్ 1990లో పెట్టుకున్న నియమం కూడా సాధన చేయదగ్గదే: ఇరవై నాలుగు గంటల్లో ఇరవై నాలుగు పేజీల కామిక్, ముందస్తు సన్నాహం లేకుండా. పుస్తకం బాగా రావడం దాని ఉద్దేశం కాదు. వంక వెతుక్కోవడానికి వ్యవధి దొరకనివ్వకపోవడమే.

లెక్కలు, పంపకాలు

షాపులో ఒక్కోవైపుకు రెండు రూపాయలు అనుకుంటే, పదహారు పేజీల ఏ6 పుస్తకానికి రెండు ఏ4 కాగితాలు, నాలుగు వైపులు, ఎనిమిది రూపాయలు. ఇరవై కాపీలకు నూట అరవై. ఒక పుస్తకం ఇరవై రూపాయలకు ఇస్తే ఎనిమిది కాపీలతో ఖర్చు వచ్చేస్తుంది, మిగతావి స్నేహితులకు పంచినా నష్టం లేదు. లాభం వస్తుందని మాత్రం లెక్క వేయకూడదు. ఆ లెక్కతో దిగినవాళ్లు మూడో సంచికకు ఉండరు. చివరి పేజీలో పేరు, సంవత్సరం, సంచిక సంఖ్య, ‘ప్రతులకు’ చిరునామా తప్పనిసరి. హక్కుల కోసం రిజిస్ట్రేషన్ అవసరం లేదు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సృష్టించిన క్షణం నుంచే హక్కు సృష్టికర్తది.

అమెరికాలో ఈ పుస్తకాలకు పెద్ద తిరునాళ్లు మేరీలాండ్ రాష్ట్రంలోని బెతెస్డాలో 1994లో మొదలైన స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో. అక్కడ 1997 నుంచి ఇచ్చే ఇగ్నట్జ్ అవార్డుల్లో ఉత్తమ మినీకామిక్‌కు విడిగా ఒక బహుమతి ఉంది. బహుమతి వస్తువు ఇటుకరాయి: ‘క్రేజీ క్యాట్’ అనే పాత కామిక్‌లో పిల్లి నెత్తిన ఇటుకలు విసిరే ఎలుక పేరు ఇగ్నట్జ్. ఇక డబ్బు సాయానికి, ‘నింజా టర్టిల్స్’ సృష్టికర్తల్లో ఒకరైన పీటర్ లెయిర్డ్ 1992లో జెరిక్ ఫౌండేషన్ పెట్టి, 2012 దాకా సొంతంగా అచ్చువేసుకునే కార్టూనిస్టులకు గ్రాంట్లు ఇచ్చాడు. ఆ తాబేళ్లు కూడా 1984లో చేబదులుతోనూ, వాపసు వచ్చిన ఇన్‌కమ్‌టాక్స్ డబ్బుతోనూ అచ్చయినవే.

బల్ల ముందు నిలబడి అమ్మడం చాలామంది కార్టూనిస్టులకు ప్రాణసంకటం. ఎదురుగా ఒకరు పుస్తకం తిరగేసి, నవ్వకుండా, కింద పెట్టి వెళ్లిపోతారు. దీనికి మందు లేదు, అలవాటు పడటమే. చేతిలో ఏదైనా బొమ్మ వేసుకుంటూ కూర్చుంటే చూసేవాళ్లకూ ఇబ్బంది ఉండదు, వేసేవాళ్లకూ ఉండదు.

ఆ తర్వాత

జీన్ లూన్ యాంగ్ కాలిఫోర్నియాలో హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్పుకుంటూ, ‘అమెరికన్ బోర్న్ చైనీస్’ను ఒక్కో అధ్యాయంగా జిరాక్స్ తీసి అమ్మాడు. 2006లో అది ఒక ప్రచురణ సంస్థ నుంచి పుస్తకంగా వచ్చి, అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకెక్కిన మొదటి గ్రాఫిక్ నవల అయింది, మరుసటి ఏడు ప్రింట్జ్ అవార్డు కూడా గెలిచింది. ఏడ్రియన్ టొమినే స్కూల్లో ఉండగానే ‘ఆప్టిక్ నర్వ్’ వేసి, ఏడు మినీల తర్వాత ‘డ్రాన్ అండ్ క్వార్టర్లీ’ సంస్థకు చేరాడు. మాంట్రియల్‌లో 1988లో మినీగా ‘డర్టీ ప్లాట్’ మొదలుపెట్టిన జూలీ డుసే, పేరు వచ్చాక కామిక్స్ విసుగొచ్చి ఏళ్ల తరబడి వేరే కళల్లో పడింది. అయినా 2022లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్ ఉత్సవం గ్రాండ్ ప్రీ ఆమెకే దక్కింది. ఇలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మినీలు వేసేవాళ్లలో ఎక్కువమంది పగలు ఇంకేదో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి బొమ్మలు వేసుకుంటూ ఉండిపోతారు. వాళ్లను విఫలురనడం ఈ పనిని అర్థం చేసుకోకపోవడమే.

ఆఖరున దాచుకోవడం గురించి. జిరాక్స్ కాపీ నుంచి మళ్లీ జిరాక్స్ తీస్తే గీత ఉబ్బుతుంది, మూడో తరానికి ‘క’కూ ‘శ’కూ తేడా తెలియదు. అందువల్ల అసలు బొమ్మల కాగితాలు విడిగా, మడవకుండా ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఎండాకాలంలో టోనర్ ప్లాస్టిక్‌కు అంటుకుని అక్షరాలు లేచివస్తాయి. కాగితపు కవరు మంచిది. ప్రతి సంచికలోనూ రెండు కాపీలు ఎవరడిగినా ఇవ్వకుండా పక్కన పెట్టాలి, ఒకటి ఇంటికి, ఒకటి ఏదైనా లైబ్రరీకి. స్మాల్ ప్రెస్ ఎక్స్‌పోకు వచ్చే మినీలను 2011 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరిస్తోంది. ఇరవై కాపీలకు మించని పుస్తకం కూడా అక్కడ కేటలాగు నంబరు వేయించుకుని, పిన్నులతో సహా, అట్టపెట్టెలో నిలువుగా నిలబడుతుంది.